లవం చూపి హారం దాచే విద్య

2023 అక్టోబరు 3న పాకిస్తాన్ ఆపద్ధర్మ ప్రభుత్వంలోని ఆంతరంగిక వ్యవహారాల మంత్రి సర్ఫరాజ్ బుగ్తీ విలేకరుల ముందు ఒక లెక్క చెప్పారు. ఆ ఏడాది అప్పటివరకు తమ దేశంలో 24 ఆత్మాహుతి దాడులు జరిగాయని, వాటిలో 14 దాడులు అఫ్ఘాన్ జాతీయులు చేసినవేనని ఆ లెక్క సారాంశం. ఆ వెంటనే ఆదేశం వెలువడింది. పత్రాలు లేని అఫ్ఘాన్లందరూ, అంటే ప్రభుత్వ అంచనా ప్రకారమే సుమారు 17 లక్షల మంది, నవంబరు 1లోగా దేశం విడిచి వెళ్లిపోవాలి. ఆ తరువాతి వారాల్లో తోర్ఖమ్, చమన్ సరిహద్దు ద్వారాల వద్ద పరుపుచుట్టలతో, పసిపిల్లలతో లారీలు బారులు తీరడం ప్రపంచమంతా చూసింది. వారిలో పాకిస్తాన్ గడ్డమీదే పుట్టి, అవతలి దేశాన్ని ఒక్కసారైనా చూడనివారు ఎందరో.

ఆ 14ను 17 లక్షలతో భాగించి చూడండి. లక్షకు ఒక్కరు కూడా తేలరు. ఆ ఒక్కరి కోసం మిగిలిన 99,999 మందిని ఇల్లు ఖాళీ చేయించారు. ఇందులోని అన్యాయం భారతీయ పాఠకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. చెప్పింది పాకిస్తాన్ మంత్రి కనుక మనకు లెక్కలో మోసం తక్షణం కనబడుతుంది. అదే లెక్కను ఢిల్లీలోనో, ముంబయిలోనో, హైదరాబాదులోనో మన నాయకుడు చెప్పినప్పుడు మాత్రం మన గణిత పరిజ్ఞానం ఎక్కడికో మాయమవుతుంది.

నేర గణాంకం అనేది ఒక భిన్నం. పైన లవం, కింద హారం. ఎన్ని నేరాలు అనేది లవం. ఎంతమందిలో అనేది హారం. అయిదో తరగతి పిల్లవాడికి తెలిసిన ఈ సంగతి వలసల ప్రస్తావన రాగానే పార్లమెంటు సభ్యులకూ, టీవీ వ్యాఖ్యాతలకూ గుర్తుండదు. నిజానికి గుర్తుండకపోవడం కాదు. హారాన్ని దాచిపెట్టడం ఇవాళ ఒక రాజకీయ విద్య. ఆ విద్య ఎలా పనిచేస్తుందో, దాని ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన హారం కథ ముందుగా చూద్దాం. దేశంలో అక్రమంగా ఉంటున్న బంగ్లాదేశీయులు ఎందరు? 2004 జులైలో నాటి యూపీఏ ప్రభుత్వ హోంశాఖ సహాయమంత్రి శ్రీప్రకాశ్ జైస్వాల్ పార్లమెంటుకు 1,20,53,950 అని చెప్పారు. చివరి యాభైవరకు లెక్కపెట్టినట్టున్న ఆ అంకె రేపిన దుమారం తరువాత, అది నమ్మదగిన సమాచారం కాదని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 2016 నవంబరులో ఎన్డీయే ప్రభుత్వ హోంశాఖ సహాయమంత్రి కిరెన్ రిజిజు రాజ్యసభలో దాదాపు రెండు కోట్లు అన్నారు. ఎలా లెక్కించారంటే అందిన సమాచారం అన్నారు. ఒక పార్టీ చెప్పి వెనక్కి తీసుకున్న కోటీ ఇరవై లక్షలను మరో పార్టీ రెండు కోట్లుగా పెంచింది. అస్సాంలో ఆరేళ్లపాటు, కోట్లాది పత్రాలు తిరగేసి, సుప్రీంకోర్టు పర్యవేక్షణలో జరిగిన జాతీయ పౌర రిజిస్టరు 2019 ఆగస్టు 31న వెలువడింది. 3.3 కోట్ల దరఖాస్తుదారుల్లో 19,06,657 మంది పేర్లు అందులో లేవు. ఆ జాబితానూ, అది తప్పులతడక అంటూ, దానిని అందరికంటే గట్టిగా కోరినవారే ఒప్పుకోలేదు.

ఇప్పుడు లవం. జాతీయ నేర రికార్డుల బ్యూరో జైళ్ల నివేదిక ప్రకారం 2023 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,30,333 మంది ఉన్నారు. వారిలో విదేశీయులు 6,956. అంటే నూటికి ఒకరికి కాస్త ఎక్కువ. ఈ విదేశీయుల్లో బంగ్లాదేశీయులే కాదు, నైజీరియన్లు, నేపాలీలు, మయన్మార్ దేశస్థులు, అందరూ ఉన్నారు.

దేశ జనాభాను 140 కోట్లుగా తీసుకుంటే, లక్షకు దాదాపు 38 మంది జైల్లో ఉన్నట్టు. ఇక రిజిజు చెప్పిన రెండు కోట్లు నిజమే అనుకుందాం. 6,956 మంది విదేశీ ఖైదీలూ బంగ్లాదేశీయులే అని కూడా, వాదన కోసం, ఒప్పుకుందాం. అప్పుడు లక్షకు 35 మంది తేలతారు. అంటే చొరబాటుదారులు దేశ సగటుకంటే కాస్త తక్కువగానే జైలుకు వెళుతున్నారని ఒప్పుకోవలసి వస్తుంది. అలా కాదు, వారిలో నేరస్థుల నిష్పత్తి చాలా ఎక్కువ అంటారా? అప్పుడు వారి సంఖ్య రెండు కోట్లు కాదు, అందులో చిన్న ముక్క మాత్రమే అని ఒప్పుకోవాలి. దేశాన్ని ముంచెత్తుతున్నారనే వాదన, నేరాలతో దేశాన్ని తినేస్తున్నారనే వాదన, రెండింటినీ ప్రభుత్వ లెక్కలతోనే ఒకేసారి నిలబెట్టడం సాధ్యం కాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అయినా ఒకే ఉపన్యాసంలో, ఒకే నోటివెంట ఈ రెండు కత్తులూ దూస్తున్నారు.

జైలు జనాభా నేరాల రేటుకు సరైన కొలత కాదని నాకు తెలుసు. మన జైళ్లలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. పూచీకత్తు ఇచ్చే బంధువు, స్థిర చిరునామా లేని విదేశీయుడికి బెయిలు దొరకడం మరీ కష్టం. కాబట్టి ఆ 35 అనే అంకెను పట్టుకుని బంగ్లాదేశీయులు మనకంటే సాధుజనులని నేను వాదించను. నేను చెప్పేది ఇంకా చిన్న విషయం. ఈ గణాంకాలతో వారు నేరజాతి అని ఎవరూ నిరూపించలేరు. నిరూపించామని చెప్పేవారు అబద్ధం చెబుతున్నారు.

లవంలో మరో మోసం ఉంది. ఆ విదేశీ ఖైదీలు చేసిన నేరమేమిటి? 6,956 మందిలో 2,508 మంది ఒక్క పశ్చిమ బెంగాల్ జైళ్లలోనే ఉన్నారు. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4,096 కిలోమీటర్లయితే, అందులో 2,217 కిలోమీటర్లు ఆ రాష్ట్రానిదే. సరిహద్దు దాటుతూ పట్టుబడినవారు సరిహద్దు రాష్ట్రం జైళ్లలో ఉంటారు. విదేశీయులపై నమోదయ్యే కేసుల్లో పెద్ద వాటా మొన్నటివరకు 1946 నాటి విదేశీయుల చట్టం కిందివే. 2025 సెప్టెంబరు 1 నుంచి దాని స్థానంలో కొత్త వలస, విదేశీయుల చట్టం వచ్చింది. పాస్‌పోర్టు లేకుండా దేశంలోకి వస్తే అయిదేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. అది చట్ట ఉల్లంఘనే. శిక్షించే హక్కు రాజ్యానికి ఉంది. కాని అది హత్య కాదు, దోపిడీ కాదు, అత్యాచారం కాదు. పైగా ఆ నేరం చేయగలిగింది విదేశీయుడు మాత్రమే. పత్రం లేకుండా ఇక్కడ ఉన్నందుకు భారతీయుడిని ఎవరూ జైల్లో పెట్టరు, పెట్టకూడదు. ఒక వర్గం మాత్రమే చేయగల నేరాన్ని లెక్కలో కలిపి, ఆ వర్గంలో నేరస్థులు ఎక్కువ అనడం, ఈత రానివారిలోనే మునిగిపోయేవారు ఎక్కువని ఒక జాతికి దోషం అంటగట్టడం లాంటిది.

జర్మనీ పోలీసులు ఈ విషయంలో మనకంటే నిజాయితీగా ఉన్నారు. 2023లో అక్కడ నేరానుమానితుల్లో జర్మనేతరుల వాటా 41 శాతం దాటింది. వలస చట్టాల ఉల్లంఘనలను తీసివేస్తే అది 34 శాతం చిల్లరకు తగ్గింది. ఆ రెండు అంకెలనూ పక్కపక్కనే అచ్చువేశారు. 34 శాతం కూడా జనాభాలో విదేశీయుల వాటా కంటే ఎక్కువే. దాన్ని దాచవలసిన పని లేదు. వలసవచ్చినవారిలో యువకులైన మగవారు ఎక్కువ. ఏ దేశంలోనైనా, ఏ మతంలోనైనా నేరాలు ఎక్కువగా చేసేది ఆ వయసు మగవారే. సరిహద్దు దాటివచ్చి నేరం చేసిపోయేవాడు, పర్యాటకుడు లవంలో చేరతారు. దేశవాసులు కారు కనుక హారంలో చేరరు. ఇవన్నీ తీసివేశాక కూడా ఏదైనా మిగిలితే దానికి కారణాలు వెతకవలసిందే. వెతకడానికి ముందు విడదీసి చూపాలి. మన దగ్గర విడదీసి చూపమంటే దేశభక్తిని శంకిస్తారు.

అమెరికాలో ఈ విద్య మరో మెట్టు ఎక్కింది. 2024 సెప్టెంబరులో అక్కడి వలస అమలు సంస్థ ఒక కాంగ్రెస్ సభ్యుడికి రాసిన లేఖలో, హత్యానేరం రుజువై తమ నిర్బంధంలో లేని విదేశీయులు 13,099 మంది అని చెప్పింది. మరునాటికే అది ఎన్నికల నినాదమైంది. బైడెన్, హారిస్‌ల హయాంలో 13 వేల మంది హంతకులు సరిహద్దు దాటి వచ్చి వీధుల్లో తిరుగుతున్నారని డొనాల్డ్ ట్రంప్ ప్రచారం చేశారు. అసలు సంగతేమిటో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ వివరించింది. ఆ జాబితా నలభై ఏళ్లకు పైగా పోగుపడినది. ట్రంప్ మొదటి హయాంలో వచ్చినవారూ అందులో ఉన్నారు. ఆ సంస్థ నిర్బంధంలో లేకపోవడమంటే వీధుల్లో తిరగడం కాదు. వారిలో చాలామంది రాష్ట్రాల జైళ్లలో శిక్ష అనుభవిస్తున్నారు. జైలుగోడల మధ్య ఉన్న మనిషిని గణాంకంతో వీధిలోకి తెచ్చి నిలబెట్టారు. 1931లోనే అధ్యక్షుడు హూవర్ నియమించిన వికర్‌షామ్ కమిషన్, విదేశాల్లో పుట్టినవారు తమ జనాభా నిష్పత్తి కంటే తక్కువ నేరాలు చేస్తున్నారని తేల్చింది. అరెస్టయినవారి వలస హోదాను నమోదుచేసే టెక్సాస్ రాష్ట్రపు లెక్కలతో 2020లో వెలువడిన పరిశోధన, పత్రాలు లేని వలసదారులు స్వదేశీయుల కంటే తక్కువగానే తీవ్రనేరాల్లో అరెస్టవుతున్నారని చెప్పింది. తొంభై ఏళ్లుగా సమాధానం ఉన్నా ప్రశ్న మాత్రం ప్రతి ఎన్నికకూ కొత్తగా పుడుతుంది.

ఈ ముచ్చట మనకెందుకు అనుకునే తెలుగు కుటుంబాలకు ఒక మాట. 2025 ఆగస్టులో ఫ్లోరిడాలో ఒక భారతీయ లారీ డ్రైవరు తప్పుడు మలుపు తిప్పి ముగ్గురి మరణానికి కారకుడయ్యాడు. కొద్ది రోజుల్లోనే అమెరికా విదేశాంగ శాఖ విదేశీ లారీ డ్రైవర్లందరికీ వర్క్ వీసాలు నిలిపివేసింది. అప్పుడు మనమంతా, ఒకడి తప్పుకు అందరికీ శిక్షా అని అడిగాం. న్యాయమైన ప్రశ్న. డాలస్‌లో ఉన్న కొడుకు కోసం అడిగిన ప్రశ్నను బాలాపూర్ గుడిసెలో ఉన్న రోహింగ్యా కోసం ఎందుకు అడగం? 2020 హైదరాబాదు నగరపాలక ఎన్నికల్లో రోహింగ్యాలను తరిమేందుకు పాతబస్తీపై సర్జికల్ స్ట్రైక్ చేస్తామని నాటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ అన్నారు. దేశం మొత్తం మీద రోహింగ్యాలు సుమారు 40 వేల మంది అన్నది 2017లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన అంచనా. అంటే ఒక మోస్తరు మునిసిపాలిటీ జనాభా కూడా కాదు. సైనిక పరిభాష వాడిన ఆ ప్రచారంలో నేరాల లెక్క ఒక్కటి కూడా వినబడలేదు.

లెక్క లేనప్పుడు ఒక సంఘటనే లెక్కవుతుంది. 2018 సెప్టెంబరులో గుజరాత్‌లోని సాబర్‌కాంఠా జిల్లాలో ఒక పసిపాపపై ఘోరం జరిగింది. నిందితుడు బిహారీ కార్మికుడు. ఆ తరువాతి రోజుల్లో హిందీ మాట్లాడే కార్మికుల బస్తీలపై దాడులు జరిగాయి. వేలాదిమంది రైళ్లెక్కి పారిపోయారు. వారు విదేశీయులు కారు, ఈ దేశ పౌరులు. 2025 జనవరిలో ముంబయిలో నటుడు సైఫ్ అలీఖాన్‌పై దాడి జరిగింది. నిందితుడు బంగ్లాదేశీయుడని పోలీసులు చెప్పారు. ఆ మరుక్షణం నగరంలోని ప్రతి బెంగాలీ కూలీ అనుమానితుడయ్యాడు. అదే కేసులో పొరపాటున దుర్గ్ రైల్వేస్టేషనులో పట్టుకుని, ఫొటో దేశమంతా చూపించి, తరువాత వదిలేసిన యువకుడు భారతీయుడు. తన ఉద్యోగం పోయిందని, కుదిరిన పెళ్లి చెడిపోయిందని అతడు మొరపెట్టుకున్నాడు. ఆ నష్టం ఏ గణాంకంలోనూ చేరదు.

2025 ఆగస్టు 15న ఎర్రకోట మీదినుంచి ప్రధానమంత్రి, చొరబాటుదారులు మన యువత ఉపాధి లాక్కుంటున్నారని, మన ఆడబిడ్డలను లక్ష్యంగా చేసుకుంటున్నారని అన్నారు. జనాభా స్వరూపంపై ఉన్నతాధికార మిషన్ ప్రకటించారు. ఆడబిడ్డలపై నేరాలు అతి తీవ్రమైన అభియోగం. ఆ అభియోగానికి ఆధారంగా ఒక్క అంకె ఆ ప్రసంగంలో లేదు. నేర రికార్డుల బ్యూరో ఆయన ప్రభుత్వంలోనిదే. ఏటా వందల పేజీల నివేదిక వేస్తుంది. మహిళలపై నేరాల్లో విదేశీయులు నిందితులుగా ఉన్నవి ఎన్ని, వాటిలో శిక్షలు పడినవి ఎన్ని అని ఒక పట్టిక అడిగి తెప్పించుకోవడం ప్రధానికి కష్టమా?

దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. చొరబాటుదారులు దొంగ ఆధార్‌తో తిరుగుతారు, అరెస్టయినా భారతీయులుగానే నమోదవుతారు, కాబట్టి లెక్కల్లో కనబడరు అని. కావచ్చు. కొందరి విషయంలో అది నిజం కూడా. కాని అప్పుడు మీ దగ్గరున్నది అనుమానమే, గణాంకం కాదు. అనుమానాన్ని అనుమానంగా చెప్పండి. గణాంకాల దుస్తులు తొడిగి ఊరేగించకండి.

ఉన్న గణాంకాలకు కూడా పరిమితులున్నాయి. నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు అని బ్యూరో తన నివేదికలోనే హెచ్చరిస్తుంది. ఫిర్యాదును శ్రద్ధగా నమోదుచేసే కేరళ పట్టికలో పైన కనబడటం, బాధితుడిని ఠాణా గుమ్మం నుంచే తిప్పిపంపే రాష్ట్రం కింద కనబడటం మామూలే. ఒకే కేసులో అనేక నేరాలుంటే అతి తీవ్రమైనదే లెక్కకు వస్తుంది. ఇక రేటు కట్టడానికి వాడే జనాభా 2011 జనగణన ఆధారంగా వేసిన అంచనా. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. మన హారానికి పద్నాలుగేళ్లు దాటింది. దానిమీద నిలబడి ఒక జాతి గుణగణాలు తీర్పు చెబుతున్నారు.

పోలీసు లెక్కలు ఒక సమూహాన్ని నేరజాతిగా ఎలా తయారుచేస్తాయో తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది. 1871లో బ్రిటిష్‌వారు నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1911లో దాన్ని మద్రాసు రాజధానికి విస్తరించాక, ఎరుకలవారిని తెచ్చి కుదేసిన ఊరు అది. పుట్టుకతోనే నేరస్థుడన్నారు. ఊరు దాటాలంటే అనుమతి, ఠాణాలో హాజరు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు అక్కడికే పోలీసులు వెళ్లారు. వెళ్లిన చోటే పట్టుకున్నారు. పట్టుకున్న సంఖ్య చూపించి, చూశారా వీరు దొంగలే అన్నారు. నిఘా అంకెను పుట్టించింది, అంకె నిఘాను సమర్థించింది. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ ఊరిపేరు మీది మచ్చను మాత్రం మన సినిమాలు ఈనాటికీ అమ్ముకుంటున్నాయి. ఇవాళ బెంగాలీ మాట్లాడే ముస్లిం కూలీ చుట్టూ అల్లుతున్నది సరిగ్గా అదే వల.

ఆ వల ఎవరిమీద పడుతోంది? 2025 జులైలో ఒడిశాలోని ఝార్సుగుడలో నాలుగు వందల మందికి పైగా బెంగాలీ కూలీలను అనుమానంతో నిర్బంధించారు. పత్రాలు చూశాక అత్యధికులను వదిలేశారు. అదే కాలంలో గురుగ్రామ్‌లో చెత్త ఏరేవారిని, ఇళ్లలో పనిచేసేవారిని సామాజిక భవనాల్లో కుక్కి విచారించారు. అంతకు ముందు నెలలో, బీర్భూమ్ జిల్లా నుంచి ఢిల్లీకి వచ్చి పొట్టపోసుకుంటున్న కుటుంబంలోని గర్భిణిని, ఆమె కొడుకుతో సహా పట్టుకుని బంగ్లాదేశ్‌లోకి నెట్టేశారు. అక్కడి పోలీసులు ఆమెను ఏ నేరం కింద అరెస్టు చేశారో తెలుసా? భారతదేశం నుంచి అక్రమంగా చొరబడినందుకు. సెప్టెంబరు 26న కలకత్తా హైకోర్టు ఆ గెంటివేతను రద్దుచేసింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరికి పౌరసత్వంపై తన వాదన వదులుకోకుండానే, మానవతా దృష్టితో అంటూ డిసెంబరు 5న ఆమెను వెనక్కి రానిచ్చింది. ఆ మధ్య నెలల్లో బంగ్లాదేశ్ జైలు పట్టికలో విదేశీ నేరస్థుల గడిలో ఆమె ఒక అంకె. ఢాకాలో ఏ నాయకుడైనా భారతీయ చొరబాటుదారుల నేరాల గురించి ఉపన్యసించాలనుకుంటే, ఆ అంకెను మన ప్రభుత్వమే సరఫరా చేసింది.

సరిహద్దును కాపాడవద్దని ఎవరూ అనడం లేదు. అక్రమంగా వచ్చినవారిని విచారించి, న్యాయస్థానం ముందు నిలబెట్టి, చట్టప్రకారం పంపే హక్కును ఎవరూ కాదనడం లేదు. నేరం చేసినవాడు ఏ దేశస్థుడైనా శిక్ష పడవలసిందే. అడుగుతున్నది ఒక్కటే. విదేశీయుల నేరాల గురించి మాట్లాడే ప్రతి మంత్రీ నాలుగు సంగతులు కలిపి చెప్పాలి. ఎన్ని నేరాలు, ఎంతమందిలో. వాటిలో కేవలం పత్రం లేనందుకు పెట్టిన కేసులెన్ని. అరెస్టయినవారెందరు, శిక్షపడినవారెందరు. అదే వయసు, అదే ఆదాయం ఉన్న మన పౌరుల్లో ఆ నిష్పత్తి ఎంత. ఈ పట్టికను పార్లమెంటు ముందు ఏటా పెట్టమని చట్టం చేయడానికి అడ్డేమీ లేదు. వాదన నిజమైతే ఆ పట్టికే దానికి అతిపెద్ద బలం అవుతుంది. పదకొండేళ్లకు పైగా అధికారంలో ఉండి ఆ పట్టిక వేయలేదంటే, కారణం లెక్క తెలియకపోవడం కాదు. ఆ లెక్క పూర్తిగా వేస్తే ఉపన్యాసం మిగలదు.

విలేకరులుగా మనకూ ఇందులో బాధ్యత ఉంది. నాయకుడు లవం చెప్పి మైకు ముందునుంచి వెళ్లిపోబోతుంటే, హారం ఏదీ అని అడగడానికి ధైర్యం కూడా పెద్దగా అక్కరలేదు. అయిదో తరగతి లెక్కలు చాలు.